మ్యాచ్డ్ జత కొన్నా బయాస్ చూడక తప్పదు

ప్రశ్న: గిటార్ ఆంప్లిఫయర్‌లో కొత్త ఈఎల్34 పవర్ ట్యూబుల మ్యాచ్డ్ జత వేశాను. మ్యాచ్డ్ కాబట్టి బయాస్ (వాయించనప్పుడు ట్యూబులో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే నెగెటివ్ వోల్టేజి) చూడనక్కర్లేదని అమ్మినవారు చెప్పారు. కాసేపు వాయించగానే ఒక ట్యూబు ప్లేటు (కరెంటును అందుకునే లోపలి లోహపు రేకు) ఎర్రబడుతోంది. ట్యూబులోనే లోపమా?

ముందు ఆంప్ ఆపేయండి. ప్లేటు ఎర్రబడుతుండగా వాయిస్తూ పోతే ట్యూబుతో పాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలిపోవచ్చు.

అమ్మేవారు చెప్పే ఈ మాట పట్టుకుని ఎంతమంది రాస్తున్నారో! ఒకే వోల్టేజి, ఒకే బయాస్ దగ్గర రెండు ట్యూబులూ దాదాపు ఒకే కరెంటు తీసుకుంటాయన్నదే మ్యాచింగ్. అవి మీ ఆంప్‌లో ఎంత తీసుకుంటాయో ట్యూబుల పెట్టె మీది మ్యాచింగ్ అంకె చెప్పదు. క్యాథోడ్ బయాస్ ఆంప్ (ట్యూబు సొంత కరెంటుతోనే బయాస్ ఏర్పడేది) అయితే చాలావరకు తనే సర్దుకుంటుంది. ఫిక్స్‌డ్ బయాస్ (ఆ వోల్టేజిని వేరుగా ఇచ్చేది) అయితే కొలిచి తీరాలి.

ఒక్కటే ఎర్రబడుతోందన్నారు కాబట్టి, చల్లారాక రెండింటి సాకెట్లూ మార్చి చూడండి. ఎరుపు ట్యూబు వెంట వెళితే లోపం ట్యూబుది. పాత సాకెట్‌లోనే ఉండిపోతే ఆ వైపు గ్రిడ్‌కు (ట్యూబులో కరెంటును అదుపు చేసే తీగల జల్లెడ) నెగెటివ్ వోల్టేజి సరిగా అందడం లేదు: సాకెట్ వదులైంది, గ్రిడ్ రెసిస్టర్ తెగింది, లేదా ముందు దశ నుంచి సిగ్నల్ తెచ్చే కప్లింగ్ కెపాసిటర్ లీకవుతోంది. అప్పుడు ఎన్ని కొత్త ట్యూబులు కొన్నా దండగే.

లెక్క కష్టమేమీ కాదు. ఈఎల్34 ప్లేటు పరిమితి 25 వాట్లు. వాయించనప్పుడు అందులో 70 శాతం, అంటే 17.5 వాట్లు దాటకూడదన్నది వాడుకలో ఉన్న నియమం. ప్లేటు మీద 450 వోల్టులుంటే ఒక్కో ట్యూబుకు సుమారు 39 మిల్లీఆంపియర్లు. అది పైహద్దు మాత్రమే. 30, 35 దగ్గర కూడా బాగా మోగితే అక్కడే ఉంచండి. మరీ తగ్గిస్తే మాత్రం చిన్న స్వరాలు గరగరలాడతాయి.

నన్ను భయపెట్టేది కొలిచే పద్ధతి. ప్లగ్ తీసేశాక కూడా పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. అది ప్రాణం తీస్తుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటర్‌తో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. బయాస్ మాత్రం ఆంప్ నడుస్తుండగానే కొలవాలి. మీటర్ క్లిప్పులు ముందే తగిలించి, స్పీకర్ కలిపి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. ఈ పని మీకు కొత్తయితే మీరు చేయవద్దు, తెలిసిన టెక్నీషియన్‌కు ఇవ్వండి.

ఇందులో తయారీదారుల తప్పు చాలా ఉంది. ఒక్కో క్యాథోడ్ దగ్గర 1 ఓం రెసిస్టర్, ఛాసిస్ వెనక రెండు టెస్ట్ పాయింట్లు ఉంటే చాలు. మీటర్‌లో కనిపించే మిల్లీవోల్టులే దాదాపు మిల్లీఆంపియర్లు. ఆ కొద్దిపాటి ఖర్చు మిగుల్చుకోవడానికి బయాస్ సరిచేసే పాట్‌ను (తిప్పి మార్చే రెసిస్టర్) హైవోల్టేజి పక్కన దాచేస్తున్నారు. కొన్నిటిలో ఆ పాట్ అసలే లేదు! ట్యూబులు అరిగి మార్చాల్సిన వస్తువులని తెలిసీ ఇలా చేయడం బాధ్యతారాహిత్యం.

ఇంకొకరు 6ఎల్6జీసీ అనే మరో రకం పవర్ ట్యూబు బదులు ఈఎల్34 పెట్టవచ్చా అని అడిగారు. సాకెట్‌లో దూరుతుంది, అంతమాత్రాన సరిపోదు. 6ఎల్6జీసీ హీటర్‌కు 0.9 ఆంపియర్లు చాలు, ఈఎల్34కు 1.5 కావాలి. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ అదనపు భారం మోయాలి, 1వ పిన్‌ను 8వ పిన్‌కు కలపాలి, బయాస్ మళ్లీ సరిచేయాలి. ఆంప్ రెండింటికీ తయారైనదని మాన్యువల్‌లో లేకపోతే మార్చకండి.