లాప్‌టాప్ విప్పే ముందు

చిట్టితల్లీ,

నెమ్మదించిపోయిన నీ చిన్న లాప్‌టాప్‌ని నువ్వే విప్పి, పాత హార్డ్‌డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్ బదులు లైనక్స్ ఎక్కిస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. కొత్తది కావాలని పేచీ పెట్టకుండా ఉన్నదాన్నే బాగుచేసుకోవాలనుకున్నావు చూడు, ఎంత ముచ్చటేసిందో. ఆ వెంటే భయమూ పట్టుకుంది.

ముందు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరువు. రోజూ చేసే పనే చేస్తూ దాన్ని గమనించు. సీపీయూ (లెక్కలు చేసే చిప్) ఖాళీగా ఉండి డిస్క్ 100 శాతం దగ్గరే వేలాడుతుంటే తప్పు హార్డ్‌డిస్క్‌ది. ఎస్‌ఎస్‌డీ వేస్తే ప్రాణం లేచొస్తుంది. తెరిచి ఉన్న పనులను పట్టుకునే మెమరీ (ర్యామ్) నిండిపోయి డిస్క్ కూడా ఆగకుండా తిరుగుతుంటే ర్యామ్ చాలట్లేదు. సీపీయూనే 100 దగ్గర ఉంటే మాత్రం ఏం కొన్నా పెద్దగా లాభం ఉండదు.

కొనే ముందు మోడల్ నంబరు పెట్టి సర్వీస్ మాన్యువల్ వెతుకు. ఈ చిన్న లాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్, స్టోరేజీ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటాయి, మార్చలేం. ర్యామ్‌కి స్లాట్ ఉంటే ఏ రకం పడుతుందో చూసుకో. మామూలు డీడీఆర్3కి 1.5 వోల్టులు కావాలి, డీడీఆర్3ఎల్‌కి 1.35 చాలు. రెండూ ఒకే స్లాట్‌లో పడతాయి కాబట్టే మోసపోతారు: 1.35 మాత్రమే ఇచ్చే బోర్డులో మొదటిది పెడితే తెర వెలగదు.

ఇక నాకు నిద్రపట్టనివ్వని సంగతి. ఫొటోలూ ప్రాజెక్టులూ డీ డ్రైవ్‌లోకి కాపీ చేసి, బ్యాకప్ అయిపోయిందనుకునేవాళ్లు ఎంతమందో! సీ, డీ సాధారణంగా రెండు డిస్కులు కావమ్మా, ఒకే ఇంట్లో అడ్డుగోడ కట్టిన రెండు గదులు. లైనక్స్ ఇన్‌స్టాలర్‌లో డిస్కు మొత్తం చెరిపేయమని నొక్కావా, రెండూ పోతాయి. తర్వాత రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తవ్వుకోవచ్చులే అనుకోకు. ఎస్‌ఎస్‌డీలో ఆ ఆశ దాదాపు ఉండదు. ఏ భాగాలు ఖాళీ అయ్యాయో కంప్యూటర్ ట్రిమ్ అనే ఆదేశంతో చెప్పేస్తుంది, డ్రైవ్ వాటిని తనంతట తానే తుడిచేస్తుంది. అందుకని బయటి డిస్కులోకే కాపీ చెయ్యి. దాన్ని తీసి వేరే కంప్యూటర్‌కి తగిలించి, నాలుగు ఫొటోలూ రెండు ఫైళ్లూ తెరిచి చూడు. తెరుచుకుంటేనే కాపీ ఉన్నట్టు. సాయంత్రమంతా దీనికే పోయిందని విసుక్కోకు తల్లీ, ఆ ఫొటోలు మళ్లీ తీసుకునేవి కావు.

ఇంకోటి. చాలా లాప్‌టాప్‌లలో విండోస్ నిన్ను అడక్కుండానే డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసి, ఉంచుతుంది. లైనక్స్ కోసం బయోస్‌లో (ఆన్ చేయగానే తెరుచుకునే మూల సెట్టింగుల్లో) సెక్యూర్ బూట్ అనే సెట్టింగు కదిపితే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది సాధారణంగా నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే కాగితం మీద రాసుకో.

విప్పేటప్పుడు ఛార్జర్ తీసెయ్యి, మూత తెరవగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదియ్యి, ఆ తర్వాతే మిగతావి. బ్యాటరీ ఉబ్బి ఉంటే అక్కడితో ఆపెయ్యి, దాన్ని గుచ్చడం, నొక్కడం వద్దు. స్క్రూలు ఏ చోటివి ఆ చోటు కాగితం మీద బొమ్మ గీసి అంటించుకో. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే కీబోర్డు వైపు పొడుచుకొస్తుంది.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది కాబట్టి లైనక్స్ ఆలోచన మంచిదే. 4 జీబీ ర్యామ్‌కి తేలికపాటి లైనక్స్ రకాలైన లుబుంటు గానీ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ సరిపోతుంది. కానీ ఏది వేసినా బ్రౌజర్ బరువు మాత్రం తగ్గదు. ఇరవై ట్యాబులు తెరిచి లాప్‌టాప్‌ని తిట్టొద్దు. వీడియో ఆగి ఆగి వస్తుంటే యూట్యూబ్ వాడే వీపీ9 రకం వీడియోని విప్పే శక్తి పాత చిప్‌కి లేదేమో చూడు. బ్రౌజర్‌లో హెచ్264ఐఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ పాత హెచ్264 రకంలో వచ్చి సర్దుకోవచ్చు. స్పీడ్ పెంచుతామనే క్లీనర్ల జోలికి మాత్రం పోకు.

ర్యామ్ పెట్టాక తెర వెలగకపోతే కంగారుపడకు. మళ్లీ బ్యాటరీ ఊడదీసి, ర్యామ్‌ని ఏటవాలుగా, బంగారు రంగు గీతలు దాదాపు కనపడనంత లోపలికి తోసి కిందికి నొక్కు. రెండు పక్కలా క్లిప్పులు టక్కుమని పట్టుకోవాలి. అప్పటికీ రాకపోతే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.

మావయ్య