ప్రాజెక్టులు కొనుక్కొచ్చే పిల్లలకు ఇంజినీరింగ్ మీద ఆసక్తి తెప్పించడం ఎలా?

మేడమ్, మీరు జగిత్యాల దగ్గర కాలేజీలో కొత్తగా చేరారు. థర్డ్ ఇయర్ పిల్లలు పాఠం వినడం లేదు, ప్రాజెక్టులు బయట కొనుక్కొస్తున్నారు. చుట్టుపక్కల ఉన్న అసలు సమస్యలే ప్రాజెక్టులుగా ఇస్తే మారతారా అని అడిగారు. మారతారు. నేను వరంగల్‌లో పన్నెండేళ్లుగా ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి) చెబుతున్నాను, కళ్లారా చూశాను. కాకపోతే సమస్యను కాగితం మీద రాసిస్తే పని జరగదు. ఆ సమస్యతో సతమతమయ్యే మనిషి దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లాలి.

మొదట్లో నేనూ నెట్‌లో చూసి టాపిక్కుల లిస్టు ఇచ్చేవాణ్ని. స్మార్ట్ డస్ట్‌బిన్, ఆటోమేటిక్ స్ట్రీట్ లైట్ లాంటివి. సగం టీములు ప్రాజెక్ట్ సెంటర్‌లో డబ్బు కట్టి కిట్ తెచ్చేవి. వైవాలో ఒక రెసిస్టర్ మీద వేలు పెట్టి ఇదెందుకు అంటే తల దించుకునేవారు. వాళ్లను తప్పుపట్టలేను. ఆ డస్ట్‌బిన్ కోసం ఎదురుచూసేవాళ్లు లోకంలో ఎవరూ లేరు.

ఒక ఏడాది నవంబర్‌లో నలుగురిని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్లాను. ఏ టాపిక్కూ చెప్పలేదు. పొద్దున్నే పత్తి బస్తాల మధ్య తిరిగాం. పత్తిలో తేమ 8 శాతం దాకా ఉంటే సీసీఐ, అంటే పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ, పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆపైన ప్రతి శాతానికీ ధర తగ్గిస్తారు, 12 దాటితే కొనరు. సీసీఐ సెంటర్‌లో 14 వచ్చిందని తిరిగొచ్చిన ఒక పెద్దాయన, మళ్లీ బండి కిరాయి పెట్టుకోలేక వ్యాపారి చెప్పిన రేటుకే అమ్ముకుంటున్నాడు. మా టీములో పరకాల వైపు అబ్బాయి ఒకడున్నాడు. "మా బాపు కూడ ఇట్లనే తిరిగొస్తడు సార్" అన్నాడు. బండి కట్టకముందే ఇంటి దగ్గర తేమ చూసుకునే మిషన్ చేద్దామన్నది వాళ్లే.

పత్తిలో గుచ్చడానికి రెండు మేకులు, రీడింగ్ చూపించడానికి ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో మొదలుపెట్టారు. ఎంత గుచ్చినా రీడింగ్ కదల్లేదు. తేమ తగ్గేకొద్దీ పత్తి రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఆరిన పత్తిది మెగా ఓముల్లో ఉంటుంది, వీళ్లు వోల్టేజ్ డివైడర్‌లో (రెండు రెసిస్టెన్సుల మధ్య వోల్టేజీని పంచే సర్క్యూట్) దానికి జతగా మరీ చిన్నదైన పది కిలో ఓముల రెసిస్టర్ పెట్టారు. క్లాసులో ఒక్కసారీ నోరు విప్పని అబ్బాయి సాయంత్రం స్టాఫ్ రూముకు వచ్చి, వోల్టేజ్ డివైడర్ మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. అంతకుముందు ఏడాది నేను చెప్పిన పాఠమే అది.

రీడింగ్ వచ్చాక మళ్లీ యార్డుకు వెళ్లాం. ఒక రైతు మిషన్ చేతిలోకి తీసుకుని పత్తిలో రెండుసార్లు గుచ్చి చూశాడు. "గట్టిగ ఒత్తితే ఎక్కువ సూపిస్తున్నది, అల్కగ పెడితే తక్కువ సూపిస్తున్నది. ఏది నిజం బిడ్డా?" అన్నాడు. పిల్లల దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నా దగ్గరా లేదు. నలిగిన పత్తిలో పోగులు ఒకదానికొకటి దగ్గరై రెసిస్టెన్స్ తగ్గుతుందని వారం రోజులు కూర్చుని తేల్చారు. పీవీసీ పైపు ముక్కలో ప్రతిసారీ తూచి ఒకే బరువు పత్తి వేసి, పైన ఒకే బరువు పెట్టి కొలిచారు. ల్యాబ్ ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి, ఆ లెక్కతో సరిచూశారు. ఒకటి, ఒకటిన్నర శాతం తేడా మిగిలింది. కొనుగోలుకు ఆ కొలత పనికిరాదు. ఇవాళ బండి కట్టాలా, ఇంకో రోజు ఎండబెట్టాలా అని తేల్చుకోవడానికి పనికొస్తుంది.

ఈ పిల్లలకు నేను చింతకింది మల్లేశం గారి గురించి చెబుతుంటాను. ఆయన మన ఆలేరు వైపు నేత కుటుంబం మనిషి. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టాలంటే, చెయ్యి దాదాపు 9,000 సార్లు తిప్పాలి. అమ్మ భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతితో బడి మానేసిన మనిషి 1999లో లక్ష్మి ఆసు యంత్రం పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ముందు అమ్మ కూర్చుని ఉంది, అందుకే ఏళ్ల తరబడి వదల్లేదని నా నమ్మకం.

చిక్కులూ ఉన్నాయి. నలుగురిలో ఒకడు చివరిదాకా పేరుకే ఉన్నాడు, వాణ్ని నేను కదిలించలేకపోయాను. ఫైనల్ ఇయర్‌లో ప్లేస్‌మెంట్ల టెన్షన్ ఉంటుంది, కాబట్టి థర్డ్ ఇయర్‌లోనే మొదలుపెట్టండి. ఇంటర్నల్ మార్కుల్లో సగం లాగ్‌బుక్‌కు పెట్టండి. పని చేయని సర్క్యూట్ ఎందుకు చేయలేదో రాసినా మార్కులు పడతాయని తెలిస్తే కొనుక్కురావడం తగ్గుతుంది. ఇంకోటి, పంటకు సీజన్ ఉంటుంది, అది మన సెమిస్టర్ క్యాలెండర్ చూసుకుని రాదు. నేను ఒకసారి జనవరి దాకా సాగదీస్తే, యార్డుకు వెళ్లేసరికి చేతికొచ్చేది చివరి ఏరుడు పత్తే.

మీ దగ్గర వరి ఎక్కువ. వడ్లలో తేమ 17 శాతం దాటితే ప్రభుత్వ కొనుగోలు సెంటర్‌లో కాంటా పెట్టరు, రైతులు రోజుల తరబడి కుప్ప దగ్గరే పడుకుంటారు. నవంబర్‌లో ఒక పొద్దున పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. మొదటి రోజు ల్యాప్‌టాప్‌లు వద్దు, ఒక నోట్‌బుక్ చాలు. మా టీము గీసుకున్న సర్క్యూట్, లాగ్‌బుక్ ఫొటోలు నా దగ్గర ఉన్నాయి, కావాలంటే పంపిస్తాను.