కంచె మీది బెర్రీలతో జామ్: మాగినవే ఏరితే గట్టిపడదు

ప్రశ్న: మా పొలం కంచె వెంట ముళ్లపొదలకు శరదృతువులో బ్లాక్‌బెర్రీలు విరగకాస్తాయి. నిరుడు బాగా మాగినవి మాత్రమే ఏరి, చక్కెర సగానికి తగ్గించి జామ్ చేశాం. అది పలుచగా ఉండిపోయి, నెల తిరక్కుండానే బూజు పట్టింది. పైబూజు తీసేసి తినవచ్చా? పక్కనే గుండ్రటి నల్లపండ్లు కూడా ఉన్నాయి, పక్షులు తింటున్నాయి. వాటినీ కలపవచ్చా?

జవాబు: చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఆ గుండ్రటి పండ్లను కలపకండి, రుచి కూడా చూడకండి. పక్షులు తినే పండ్లన్నీ మనుషులకు సరిపడవు. మన ప్రాణం తీయగల బెల్లడోనా పండ్లను కొన్ని పక్షులు ఏ ఇబ్బందీ లేకుండా తింటాయి. బెల్లడోనా పండు నున్నగా మెరుస్తూ ఒంటిగా ఉంటుంది. దాని అడుగున ఐదు కొనల ఆకుపచ్చ తొడుగు నక్షత్రంలా విచ్చుకుని ఉంటుంది. బ్లాక్‌బెర్రీ అలా కాదు, రసం నిండిన చిన్న పూసలన్నీ ముద్దగా కలిసినట్లుంటుంది. కోసినప్పుడు మధ్యలోని బొడ్డు పండుతోనే ఊడి వస్తుంది. మీ గుండ్రటి పండు ఏదో తెలియాలంటే ఆకు, పండు, వీలైతే పువ్వు ఉన్న కొమ్మను వృక్షశాస్త్రం తెలిసినవారికి చూపించండి. ఫోనులో తీసిన ఒక్క ఫొటో చూసి నేనైతే చెప్పను.

ఇక జామ్ సంగతి. మాగినవే ఏరాలన్న మీ శ్రద్ధే ఇక్కడ దెబ్బతీసింది. జామ్ గట్టిపడటానికి పెక్టిన్ (పండ్లలో సహజంగా ఉండే జిగురు పదార్థం), పులుపు, చక్కెర మూడూ కావాలి. పండు మాగేకొద్దీ మొదటి రెండూ తగ్గిపోతాయి. అందుకే నాలుగు పాళ్లలో ఒక పాలు ఇంకా ఎరుపు పోని దోరపండ్లు కలపండి. ముందుగా పండ్లను కొద్ది నీళ్లతో, కిలోకు రెండు పెద్ద చెంచాల నిమ్మరసంతో మెత్తగా ఉడికించి, ఆ తర్వాతే చక్కెర వేయండి. అది పూర్తిగా కరిగాక మంట పెంచి, 105 డిగ్రీల సెల్సియస్ వచ్చేవరకు మరిగించాలి. థర్మామీటరు లేకపోతే చల్లటి పళ్లెంలో ఒక చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టండి. పైన ముడత పడితే దించవచ్చు. ఒకేసారి గంగాళం నిండా పెడితే నీరు ఇగిరేలోపు రంగూ వాసనా పోతాయి. కిలో, రెండు కిలోల చొప్పున చేసుకోండి.

బూజుకు కారణం చక్కెర తగ్గించడమే. తయారైన జామ్‌లో చక్కెర 65 శాతం దాకా ఉంటేనే నిలుస్తుంది. పండ్ల బరువుకు సమానంగా చక్కెర వేయడం సులువైన లెక్క. తీపి తక్కువగా కావాలనుకుంటే కొద్దిగా చేసి ఫ్రిజ్‌లో పెట్టి, త్వరగా వాడేయండి. బూజు పట్టిన సీసాను మాత్రం మొత్తంగా పారేయండి. పైకి కనిపించేది కొంతే, దాని విషపదార్థాలు లోపలికి దిగి ఉండవచ్చు.

కంచె వెంట కలుపుమందు కొట్టి ఉంటే ఈ ఏడాది ఆ వరుస పండ్లను వదిలేయండి. మిగిలినవి మంచు ఆరాక కోసి, వెడల్పాటి పళ్లాల్లో పలుచగా పరవండి. కడగడం మాత్రం వండబోయే ముందే.