ఎద్దు కొమ్ముకు నాయకుడి ఫోటో

ప్రశ్న: మాది చంద్రగిరి మండలంలో ఒక పల్లె. పశువుల పండగనాడు ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వీధిలోకి వదులుతారు, కుర్రాళ్లు మీదపడి వాటిని లాక్కుంటారు. పోయినసారి మా కోడెకు కొమ్ము మొదట్లో తోలు చీరుకుపోయింది. ఇక పంపం అంటే 'పండక్కే అడ్డమా' అంటున్నారు. పైగా ఆ పలక మీద మా నాయకుడి ఫోటో! ఎవరికి చెప్పుకోవాలి?

జవాబు: ముందు ఆ నాయకుడికే చెప్పండి. నవ్వులాటకు అనడం లేదు. పలక మీద దేవుడో సినిమా హీరోనో ఉంటే వాళ్లు మీ ఊరికి వచ్చి మాట్లాడరు, ఈయన వస్తాడు. తన ఫోటో కోసం పదిమంది ఒక ఎద్దు మెడ మీద వేలాడే వీడియో ఎన్నికలప్పుడు ఎవరి ఫోన్లలో తిరుగుతుందో ఆయనకు మనకంటే బాగా తెలుసు. ఎన్నికల్లో జంతువు గుర్తు వచ్చినవాళ్లు ఆ జంతువునే ఊరేగించి హింసపెడుతున్నారని, ఏనుగులాంటి పాత గుర్తులు తప్ప కొత్తగా జంతువుల బొమ్మలు ఇవ్వడం ఎన్నికల సంఘం ఎప్పుడో మానేసింది. ఈ మాట ఆయన చెవిన వేయండి.

కేసు పెడతానని మొదలుపెట్టకండి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు, దానికి భయపడేవాడు ఎవడు? జల్లికట్టును 2023లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది కదా అని ఎవరైనా వాదిస్తే మాత్రం, అది తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న సవరణల గురించి, మనకు అలాంటి సవరణ లేదని చెప్పండి.

అసలు బలం ఎద్దులున్న ఇళ్లది. ఎద్దు రాకపోతే ఆట లేదు. మీలాంటి నాలుగిళ్లవాళ్లు సంక్రాంతికి నెల ముందే కూర్చుని, ఎద్దును కడిగి కొమ్ములకు రంగులేసి ఊరేగిస్తాం, ఉప్పు, మూలికలు కలిపి దంచిన ఉప్పుచెక్క తినిపిస్తాం, సాయంత్రం మంట వేసే చిట్లాకుప్ప దగ్గరికి తోలుకొస్తాం, పలక మాత్రం కట్టం అనండి. మన తాతలు చేసిందీ అదే కదా, పండగకు అడ్డం ఎక్కడ? అయినా కొందరు వదులుతారు. వాళ్లనైనా సారా పట్టొద్దని, తోక మెలిపెట్టొద్దని, లేత కోడెల్ని దించొద్దని అడగండి. దెబ్బ తగిలితే 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది.

ప్రశ్న: తిరుపతి గంగజాతరలో కోడిని కోస్తానని మా అత్తగారి మొక్కు. నాకు ఇష్టం లేదు. ఏం చేయను?

జవాబు: గుడి దగ్గర బలి ఇవ్వకూడదని 1950 నుంచి మన రాష్ట్రంలో చట్టం ఉంది, కానీ అత్తగారికి చట్టం చెప్పి గెలిచిన కోడలు ఎవరో నాకు తెలీదు. గంగమ్మకు వేషం కూడా మొక్కే, పొంగలీ మొక్కే. మీ ఆయన చేత మాతంగి వేషం కట్టించండి, చీర ఏదో ఆవిడే తీసిస్తుంది.