సియాచిన్ జవాను కంటే జైల్లో ఖైదీయే సుఖంగా ఉంటాడా?

రెండూ దగ్గర్నుంచి చూశాను కాబట్టి చెబుతున్నా. ఆర్మీలో ఉండగా ఒక విడత హిమాలయాల్లోని సియాచిన్ మంచు కొండల్లో చేశాను, రిటైరయ్యాక కొన్నేళ్లు జైలు వార్డరుగా పనిచేశాను. తిండి, నీళ్లు, పడుకునే చోటు, ఇవే లెక్కేస్తే ఖైదీదే నయం.

సియాచిన్ పైన కాపలా పోస్టు అంటే ఒక ఫైబర్ గుడిసె, లోపల కొద్దిమందిమి, మధ్యలో రాత్రీ పగలూ మండే కిరోసిన్ స్టవ్. దాని మసికి ఉమ్మితే నల్లగా పడుతుంది. తాగే నీళ్లకే మంచు కరిగించుకోవాలి, ఇక స్నానం మాట కిందికి దిగాకే. రేషన్‌కి లోటు లేదు, డ్రై ఫ్రూట్స్, చాక్లెట్లు, టిన్ను కూరలు అన్నీ చీతా హెలికాప్టర్లో వస్తాయి, కానీ ఆ ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, అన్నం చూస్తేనే వికారం, నిద్రా పట్టదు. వట్టి చేత్తో ఇనుము ముట్టుకుంటే చర్మం అతుక్కుపోతుంది. 2003 నవంబరు నుంచి అక్కడ పాకిస్తాన్‌తో కాల్పుల విరమణ ఉంది, అయినా 2016 ఫిబ్రవరిలో సోనమ్ పోస్టు మీద మంచు విరిగిపడి పదిమంది పోయారు.

జైల్లో టైముకి భోజనం, రోజూ స్నానం, డాక్టరు, ములాఖత్ ఉంటాయి. బ్యారక్‌లు కిక్కిరిసి ఉంటాయనుకోండి, సాయంత్రం లాకప్ చేస్తే తెల్లారేదాకా లోపలే.

"జవాను ఇష్టపడే వెళ్లాడుగా" అంటారు. చేరింది ఇష్టంతోనే, కానీ నా వల్ల కాదు, పోతానంటే కుదరదు. 1950 ఆర్మీ చట్టం 38వ సెక్షన్ ప్రకారం యాక్టివ్ సర్వీసులో పారిపోతే మరణశిక్ష దాకా వేయొచ్చు. జైలు నుంచి పారిపోయినోడికి కూడా అంత శిక్ష లేదు!

మరి నేను జైలే మేలంటానా? అనను. మూడు నెలలు గడిస్తే దిగుతామని మాకు తెలుసు, ఆ తర్వాత లీవు, ఇల్లు. మన జైళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఇంకా తీర్పు రాని అండర్ ట్రయల్సే, వాళ్లకి బయటికెళ్లే తారీఖంటూ ఏదీ లేదు. వాయిదా పడి కోర్టు నుంచి తిరిగొచ్చిన రాత్రి కొందరు పళ్లెం ముట్టేవాళ్లు కాదు. ఖైదీలకి మాంసం ఎందుకు పెడుతున్నారని గోల చేసేవాళ్లు ఒకసారి ఆ మొహాలు చూడాలి.

పైగా నా జీతం నెలనెలా ఇంటికి చేరేది, సియాచిన్ అలవెన్సుతో కలిపి (2017లో జవానుకి దాన్ని నెలకి 30,000 చేశారు, మా రోజుల్లో అంత ఎక్కడిది). లోపలున్నవాడి భార్య మాత్రం లాయరు ఫీజుకి అప్పు చేసి, కూలి మానుకుని ములాఖత్‌కి వచ్చేది.