గడియా, ఘడియా?

సందేహం: మా ఇంటి శుభలేఖలో ‘శుభ ఘడియ’ అని అచ్చువేయిస్తే, పెద్దవారొకరు ‘గడియ’ అనాలన్నారు. ఏది ఒప్పు? గడియారం ఇందులోంచి వచ్చిందేనా? అలాగే, ‘నీడ గడియారం’ అనాలా, ‘ఎండ గడియారం’ అనాలా? – ఒక పాఠకురాలు

సమాధానం: పెద్దవారి మాటే నిలుస్తుంది. ఘటిక తత్సమం, గడియ తద్భవం. ఘంట గంట అయినట్టే ఘటిక గడియ అయింది. ‘ట’ను ‘డ’ చేసుకుని, ‘ఘ’ను మాత్రం సంస్కృతంలో ఉన్నట్టే ఉంచితే అది రెండింటికీ చెందదు. ఒత్తు పెడితే మాటకు బరువొస్తుందన్న భ్రమ ఈమధ్య ముదిరింది. దీటును ‘ధీటు’ చేశారు, కంగారును ‘ఖంగారు’ చేశారు. ‘గడియ పురసత్తు లేదు, గవ్వ రాబడి లేదు’ అన్న సామెత ఒత్తు లేకుండానే ఇన్నాళ్లూ బతికింది కదా! అయితే పంచాంగాల్లో ‘ఘడియ’ బాగా పాతుకుపోయింది. నేను రాయను. అచ్చయిన శుభలేఖను దిద్దమనీ అనను.

ఘటిక అంటే చిన్న కుండ. కాలానికి కుండ పేరెందుకు? అడుగున సన్నని బెజ్జమున్న రాగి గిన్నెను నీళ్ల తొట్టిలో తేలనిస్తారు. నీరు లోపలికి ఎక్కి గిన్నె మునిగితే ఒక గడియ, అంటే 24 నిమిషాలు. పగలూ రాత్రీ కలిపి 60 మునకలు. పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం దీన్ని కపాలకం అంది, నీళ్లు ఎలా ఉండాలో కూడా చెప్పింది: ‘అమలాంభసి’, అంటే మలినం లేని నీళ్లలో. ఆ ‘అమల’ శబ్దం పాదపూరణానికి వేసింది కాదు. నలక అడ్డుపడినా, బెజ్జం అంచున చిలుము పట్టినా గిన్నె ఆలస్యంగా మునిగి గడియ సాగిపోతుంది. అంచు అరిగి బెజ్జం పెద్దదైతే గడియ కురచవుతుంది. చన్నీళ్లు మెల్లగా ఎక్కుతాయి గనుక చలికాలపు తెల్లవారుజామునా తేడా వస్తుంది. మునిగిన గిన్నెను తీసి, వంపి, మళ్లీ పెట్టడంలో మాటుకు 5 సెకన్లు జారినా రోజుకు 5 నిమిషాలు పోతాయి.

మునిగినప్పుడల్లా కావలివాడు గంట కొట్టి ఊరికి చెప్పేవాడు. గిన్నె, తొట్టి, గంట ఉన్న ఆ చోటు ఘటికాగారం. భాండాగారం బండారమైంది, కోష్ఠాగారం కొటారైంది, ఘటికాగారం గడియారమైంది. ఘటికాయంత్రం నుంచి వచ్చిందనే వాదమూ ఉంది. ‘యంత్రం’ ఎలా అరిగితే ‘ఆరం’ అవుతుందో నాకు పొసగదు గనుక నా మొగ్గు ఆగారం వైపే. పట్టుబట్టను. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకూ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారాన్ని చూస్తే మాత్రం, కావలివాడితో సహా ఆ పాత ఆగారమంతా ఒక పెట్టెలో ఇమిడినట్టే ఉంటుంది.

గంట కూడా మొదట మోగేదే. ‘ఎన్ని గంటలైంది?’ అంటే ఎన్ని గంటలు మోగాయని అడగడం. ఇంత చక్కని ప్రశ్న ఉండగా ‘సమయం ఎంత అవుతోంది?’ అని ఎందుకు తడుముకుంటారో!

గడియను గంటగా వాడే కథకులు ఒక్కమాటు లెక్క చూసుకోవాలి. గంటకు రెండున్నర గడియలు, ముహూర్తానికి రెండు, జాముకు ఏడున్నర. క్యాలెండరులో దుర్ముహూర్తం 8.24 నుంచి 9.12 వరకని ఉంటే ఆ 48 నిమిషాలూ రెండు గడియలే. తలుపు గడియ వేరే మాట, దీనితో చుట్టరికం లేదు.

గోడ గడియారం, ఇసుక గడియారం నిక్షేపంలాంటి మాటలు. వాచీ తెలుగైపోయింది. స్టాప్‌వాచీని ‘విరామ గడియారం’ అనడం నాకు నచ్చదు. పరుగు ఎంతసేపు సాగిందో కొలిచేదానికి విరామంతో ఏం పని?

ఇక ఎండా, నీడా? గీత మీద పడి వేళ చెప్పేది నీడ గనుక నేను నీడ గడియారమే అంటాను. ఎండ అన్నా తప్పులేదు. అన్నవరం కొండ మీద ఒకటుంది. దాన్ని చూసి వాచీ తిప్పుకోకండి. మన దేశపు ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ ఆ దగ్గర్లోనే పోతుంది గనుక చోటు వల్ల వచ్చే తేడా అర నిమిషానికి మించదు. సూర్యుడి నడక వల్ల మాత్రం నీడ ఫిబ్రవరి నడుమ 14 నిమిషాలు వెనకబడుతుంది, నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందుంటుంది. అదే హైదరాబాదులో పెడితే చోటు వల్లే మరో 16 నిమిషాలు వెనక్కి పోతుంది. అంటే ఫిబ్రవరిలో వాచీకి అరగంట తేడా, నవంబరు మొదట్లో దాదాపు సరిసమానం.