బస్టర్ కీటన్ కెరీర్ పడిపోవడానికి కారణం టాకీలేనా?

కాదు, మూకీల హాస్య నటుడు, దర్శకుడు బస్టర్ కీటన్‌ను దెబ్బతీసింది శబ్దం కాదు, 1928లో ఎంజీఎం స్టూడియోతో చేసుకున్న ఒప్పందం. అంతకుముందు నిర్మాత జోసెఫ్ షెంక్ డబ్బు పెట్టేవాడు, సినిమా ఎలా తీయాలన్నది కీటన్ చూసుకునేవాడు. పూర్తి స్క్రిప్టంటూ ఉండేది కాదు. మొదలు, ముగింపు అనుకుని, మధ్యలోని హాస్యాన్ని తన బృందంతో సెట్లోనే అల్లుకునేవాడు. ఖర్చెక్కువైన 'ది జనరల్' (1926) అప్పట్లో ఆడకపోవడంతో ఆ స్వేచ్ఛకు గండిపడింది. ఎంజీఎంలో అన్నీ ముందే కాగితం మీద ఉండాలి, పైవాళ్లు ఒప్పుకోవాలి. అలా పనిచేయడం ఆయనకు చేతకాదు.

'స్పైట్ మ్యారేజ్' (1929) సంగతే చూడండి. దాన్ని టాకీగా తీద్దామని అడిగింది కీటనే, వద్దన్నది స్టూడియో!

గొంతు బాగోలేక జనం తిరస్కరించారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆయన తొలి టాకీలకు వసూళ్లు బాగానే వచ్చాయి, కాకపోతే వాటిలో కీటన్ మార్కు హాస్యం లేదు. తాగుడు, విడాకులు తోడై, 1933లో స్టూడియో ఆయన్ను తీసేసింది.